రెండే సీట్ల ఎర్ర కారు

అనంతపురం నుంచి బుక్కరాయసముద్రం పోయే దారిలో కొత్తగా ఒక కార్లు కడిగే షెడ్డు వెలిసింది. ఆటో దాని ముందు ఆగినప్పుడల్లా తడిసిన ఎర్రమట్టి, పెట్రోలు, పాలిష్ మైనం కలిసిన వాసన గుప్పున కొడుతుంది. నాతోపాటు బడికి వచ్చే టీచర్లు మాటల్లో ఉంటారు. నేను మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. అయినా ఆ వాసన నన్ను బెళుగుప్పలో మా ఇంటి ముందరికి, నా తొమ్మిదేళ్ళ వయసుకు ఈడ్చుకుపోతుంది.

మా నాయన ట్రాక్టర్లు, బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్. ఇంటి ముందరి రేకుల కొట్టమే ఆయన షాపు. వానల్లేక చెనిక్కాయ పైరు చేలోనే మాడిపోయిన ఏడు, సామాన్ల కోసం బెంగళూరుకు పోయిన మనిషి, మూడోనాడు నేలకు అతుక్కుపోయినట్టుండే ఒక ఎర్రటి స్పోర్ట్స్ కారులో తిరిగొచ్చాడు. ఎవరో ఉన్నవాళ్ళు ఏళ్ళకేళ్ళు వాడి మూలన పడేసిన విదేశీ బండి. దానికి రెండే సీట్లు. ఇంట్లో మేం నలుగురం, నాయన, అమ్మ, నాకన్నా మూడేళ్ళు పెద్దదైన శారదక్క, నేను. అమ్మ గడపలో నిలబడి చాలాసేపు చూసి, "మనం నలుగురుండామప్పా" అంది.

"అయితే ఇద్దరు నడిసి రాండి" అన్నాడు నాయన. తమాషాకు అన్నాడనుకున్నాం.

ఆ బండిని నడపడం కన్నా బతికించడమే పెద్ద పని. మా దారుల్లోని రాళ్ళకు దాని పొట్ట గీసుకుని నూనె కారేది. విరిగిన భాగం దొరకదు గనక నాయన అట్టలు కత్తిరించి, ట్రాక్టరు పైపులు కోసి, రేకు ముక్కలు సాగగొట్టి బిగించేవాడు. కాసేపు ఎండలో తిరిగితే చాలు, వేడెక్కి బుసలు కొట్టేది. కొళాయి ఎనిమిది రోజులకొకసారి వచ్చే ఊళ్ళో, అమ్మ ట్యాంకరు దగ్గర తోపులాడి మోసుకొచ్చిన నీళ్ళలో మొదటి రెండు బిందెలు ఆ కారువే. ఉగాది పండుగనాడు కూడా దానికి స్నానమయ్యాక, మిగిలిన అరబిందెతో మేం ముగ్గురం తలలు తడుపుకుని ఓళిగలు తిన్నాం. అమ్మ ఆ కారు ఎక్కింది లేదు, ఎక్కమని నాయన పిలిచిందీ లేదు.

ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ తినీ తినకముందే నాయన కారు తలుపు తీసి నిలబడేవాడు. ఒక సీటు ఆయనది, రెండోది మా ఇద్దరిలో ఒకరిది. ఎవరిదో పోటీ పెట్టి తేల్చేవాడు. చూపించిన బోల్టుకు సరిపడే స్పానరు ఎవరు ముందు తెస్తే వాళ్ళది, ఇంజను శబ్దం విని రోగం ఎవరు చెబితే వాళ్ళది. గెలిచినదాన్ని ఉరవకొండ దోవన తిప్పి తెచ్చేవాడు. ఓడినది వీధిలో నిలబడి, తనను దాటి ఆ కారు మెల్లగా, కావాలనే మెల్లగా పోవడం చూడాలి. దాదాపు ప్రతి వారమూ గెలిచేది అక్కే. దాని చెవి అటువంటిది. ఒకసారి షాపులో నలుగురు రైతుల ముందర, నాయన ప్లగ్గులు విప్పుతుంటే అది పక్కనుంచి, "ప్లగ్గు కాదు నాయనా, కార్బురేటర్లో చెత్త ఉండాది" అంది. విప్పి చూస్తే నిజమే. "ఏమప్పా, మేస్త్రీ నువ్వా, నీ బిడ్డా?" అని ఒకాయన అడిగితే అందరూ నవ్వారు. నాయనా నవ్వాడు.

ఆ వారంలోనే, అక్క కారు తుడుస్తూ నీళ్ళు తాగడానికి లోపలికి పోయినప్పుడు, నేనొక తుప్పు మేకు తీసుకుని తలుపు మొదలు నుంచి వెనక చక్రం దాకా గీత గీశాను. నాయన రాగానే ఎదురుపోయి, "అక్క గీసింది" అన్నాను.

"నేను కాదు నాయనా" అంది అక్క.

నాయన ఆ గీత పొడుగునా వేలు పోనిచ్చాడు. నన్ను చూశాడు, అక్కను చూశాడు. "ఇంగ నీ చెయ్యి ఈ బండిమీద పడితే విరగ్గొడతా" అన్నాడు దానితో. కొట్టలేదు. ఆదివారాలు నాయనా నేనూ బయల్దేరేటప్పుడు మాత్రం, చప్పుడు పూర్తిగా పోయేదాకా అక్కను గోడవైపు తిరిగి కూర్చోమనేవాడు. అక్క వీపు చూస్తూ నేను సీట్లో సర్దుకుని, హారన్ కొట్టమని నాయనను అడిగేదాన్ని. కొట్టేవాడు. అలా ఏడాది పొడుగునా సాగింది.

మరుసటి ఎండాకాలం గుత్తి కోట చూపిస్తానని నన్ను తీసుకుపోయాడు. ఊరు ఇంకా రాకముందే బండి పొగలు కక్కి ఆగిపోయింది. చుట్టూ జనం మూగారు. నాయన వాళ్ళకు బండి గొప్పలు చెబుతూనే, "చిన్నమ్మీ, పైగొట్టం మెత్తబడిందా, పట్టి చూడు" అన్నాడు. రేడియేటరు మీది రబ్బరు గొట్టం గట్టిగా ఉంటే లోపల ఆవిరి ఉన్నట్టు, మూత తీయకూడదు. అక్క ఎప్పుడూ రెండు వేళ్ళతో నొక్కి చూసేది. నేను చెయ్యి దగ్గరికి పెట్టాను. సెగకు భయపడి వెనక్కి తీసుకున్నాను. చేతకాదంటే ఆ సీటు పోతుంది.

"మెత్తబడింది నాయనా" అన్నాను.

ఆయన మూత తిప్పాడు. సలసల కాగే నీళ్ళు ఎగజిమ్మి ఆయన ముఖం నిండా పడ్డాయి.

అనంతపురం ఆసుపత్రిలో నెలరోజులు ఆయన పక్కన నిద్ర కాచింది అక్కే. కుడికన్ను పోయింది, ఎడమది మసకే మిగిలింది. గొట్టం సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చిన్నపిల్ల మాట నమ్మి కాగే రేడియేటరు తెరిచిన మెకానిక్ అని ఊరు నవ్వుతుందని కాబోలు. ఇంటికొచ్చిన మర్నాడు గోడకు ఆనుకుని కూర్చుని, "శారదా, రేపట్నుంచి షాపు తెరువు" అన్నాడు. బడి తెరిస్తే అక్కది ఎనిమిదో తరగతి. దాని పుస్తకాల సంచిలో నా పుస్తకాలు సర్దింది అమ్మ. పని తెలిసినది గనక అక్క చదువు పోయింది. ఏ పనికీ రానిదాన్ని గనక నేను చదువుకుని టీచర్నయ్యాను.

నాయన విరగ్గొడతానన్న చేత్తోనే అక్క ఆ కారును మరో పదేళ్ళు నడిచే స్థితిలో ఉంచింది. నాయన ఆదివారాలు దాంట్లో కూర్చుని ఇంజను వేయించుకుని వినేవాడు. పక్క సీటు ఖాళీగానే ఉండేది. అక్కను ఎక్కమనలేదు, అది అడగలేదు. ఆయన పోయాక ఎలుకలు వైర్లు కొరికేశాయి. అక్క దాన్ని తనే ముక్కలుగా విప్పి పాత ఇనుముకు వేసింది.

ఇప్పుడు ఆ కొట్టం లేదు. ఆ స్థలంలో సిమెంటు రోడ్డు. ట్రాక్టర్లన్నీ కంపెనీ షెడ్లకే పోతున్నాయి. ట్యాంకరు దగ్గర బిందెల పోట్లాటలు లేవు, అమ్మా లేదు. అక్క పెళ్ళి చేసుకోలేదు. ఇంటి వరండాలో కూర్చుని మోటార్లకు రాగితీగ చుడుతుంది. పోయిన నెల దాని ముందర కూర్చుని, ఇరవై ఏళ్ళుగా నాలుక చివర ఆగిన మాట అనేశాను. "ఆ గీత నేనే గీసినా అక్కా."

అది తీగ చుట్టడం ఆపలేదు. "తెలుసులే. నాయనకూ ఆపొద్దే తెలుసు. నీ అరచేతిలో తుప్పు చూసినాడంట. ఆసుపత్రిలో ఆయనే చెప్పినాడు. 'నలుగురి ముందర నన్ను దిద్దితివి, అందుకే నిన్ను బండి దించినా' అన్న్యాడు."

"మరి ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదక్కా? రోజూ చస్తాంటి గదా."

"చెప్తే నీ బరువు తగ్గుతాది గదమ్మే" అంది, తీగ కొస పళ్ళతో తుంచుతూ. "తగ్గకూడదనుకున్న్యా."

తర్వాత చేతులు తుడుచుకుని లేచి, "సంగటి వేడిగుండాది, తిని పో" అంది. వడ్డించింది. తిన్నాను.