మూడు కంప్యూటర్లు, ఒక బోటు

పోయినవాటి లెక్క ముందు చెప్పేస్తాను. మేం పనిచేసిన రొయ్యల కంపెనీ పోయింది, దాని గోడలు కూల్చి గోదాములు కట్టారు. ఐసు ఫ్యాక్టరీ పోయింది, దిమ్మలు జారి వచ్చే చెక్క బల్ల పోయింది. గాజువాక నుంచి పొద్దున్నే వచ్చే కంపెనీ బస్సు పోయింది, అందులో నా కిటికీ సీటూ పోయింది. ఇవన్నీ మొన్న ఎందుకు గుర్తొచ్చాయంటే, మద్దిలపాలెంలో ఆఫీసులో చేరిన మా తమ్ముడి కూతురు తన పని పేరు ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అని చెప్పింది. సంస్థ ఏ పని కోసం బతుకుతోందో ఆ పనికే అక్కడి కంప్యూటర్లన్నీ కలిసి నడిచేలా పటం గీయడమట. ఆ పేరు తెలియకుండానే ఒకసారి ఆ పని చేశానమ్మా అంటే నవ్వింది. మీరు నవ్వరనే నమ్మకంతో రాస్తున్నాను.

తొంభైల చివర్లో కంప్యూటర్ కొనని యజమాని వెనకబడ్డవాడి కిందే జమ, మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. మా యజమాని ఐసు విభాగానికొకటి, డీజిలు బంకుకొకటి, రొయ్యలు కొనే చోటికొకటి కొన్నారు. ఒక్కోటి ఒక్కొక్కరు ఒక్కో ఏడు అమర్చినవి. దేని లెక్క దానికి సరిగ్గానే ఉండేది. కాలేజీ గడప తొక్కకపోయినా లెక్కలంటే ప్రాణం పెట్టే నేను, పుస్తకాలు చూసి నేర్చుకుని, ఆ మూడింటినీ కనిపెట్టుకుని ఉండేవాణ్ణి.

బోట్లకు కంపెనీ ఐసు, డీజిలు అరువిచ్చేది, వాళ్లు తెచ్చిన రొయ్య మాకే పోయాలి. ఐసు పట్టుకెళ్లి రొయ్య పోయనివాళ్లకు మళ్లీ ఐసు ఇవ్వవద్దని యజమాని అంటే, ఆ నియమం ఐసు విభాగం కంప్యూటర్‌లో ఎక్కించాం. రొయ్య పోసినవాళ్ల పేర్లు రొయ్యల విభాగం నుంచి ఫ్లాపీలో వచ్చేవి.

ఆ నియమం మొదట తగిలింది మా మేనత్త బోటుకే. వేసవిలో చేపల వేట మీద ఉండే నిషేధం ముగిసి, తెల్లారితే మొదటి వేట. రొయ్య దండిగా పడేది అప్పుడే. ఇన్నాళ్లూ పస్తులున్న ఇళ్లు తేరుకునేది ఆ వేటతోనే. ఐసు లేనిదే బోటు కదలదు. అత్త తోపుడు బండితో వస్తే కంప్యూటర్ వద్దంది. మా రేవులో సముద్రం మగవాడిది, ఒడ్డున అమ్మకం ఆడదానిది. మిగతా ఆడవాళ్లు అమ్మకం లెక్కలోనూ మొగుడి పేరే రాయించేవాళ్లు, అత్త మాత్రం తన పేరే రాయించుకుంది. కాబట్టి ఐసు మావయ్య పేర, రొయ్య అత్త పేర, డీజిలు బోటు నంబరు పేర నడిచేవి. ఏడాదంతా ఐసు మోసుకెళ్లి ఒక్క రొయ్య కూడా పోయని దగాకోరుగా మావయ్య తేలాడు.

ఐసు గుమాస్తాను నేను బావా అని పిలిచేవాణ్ణి. అతను చేతులెత్తేశాడు.

"నానేటి సేసేది బావా? పెట్టె ఒద్దంతంది. కాదని ఇస్తే, నీ అత్త కాబట్టి ఇచ్చీసేనంతారు."

వరసలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా అత్త నన్ను నిలదీసింది.

"ఏటిరా అల్లుడూ, మీ మావెవులో నానెవులో మీ పెట్టెకి తెలీదేటి? ఒకే మంచం మీద తొంగుంతాం గదరా!"

అందరూ గొల్లుమన్నారు. యజమాని ఊళ్లో లేరు, ఫోను దొరకలేదు. వేరేచోట అడిగితే, ముందు చెప్పుకున్నవాళ్లకే చాలదన్నారు. తెల్లారి బోట్లన్నీ వెళ్లిపోయాయి, అత్త బోటొక్కటీ జెట్టీకి కట్టే ఉంది.

దాంతో ఆమె చుట్టాల బోట్లన్నీ రొయ్యను పక్క కంపెనీలో పోయడం మొదలుపెట్టాయి. ఈ మూడింటినీ కలపడానికి నాలుగో కంప్యూటర్ కొందామన్నారు యజమాని. కొంచెం గడువిమ్మని పట్టుబట్టి, ఐసు గది గోడ మీద సుద్దముక్కతో పైన ఒకే మాట రాశాను: రొయ్య చెడకుండా చల్లగదికి చేరాలి. దాని కింద అందుకు జరగవలసిన పనులు, ఆ కింద ఏ పనికి ఏ కంప్యూటర్ సాయం, ఏ పనికి అడ్డం. ప్రతి గీతకూ వెళ్లి ఆ చోట నిలబడి చూసి వచ్చి, తప్పయితే చెరిపి మళ్లీ గీశాను. "గోడకి పెళ్లిసూపులు సూత్తన్నావేటి బావా?" అని బావ ఎగతాళి చేసినా వదల్లేదు. చివరికి మూడింటిలోనూ బోటు నంబరే అసలు పేరయింది, దాని కింద మొగుడూ పెళ్లాం ఇద్దరూ చేరారు. ఐసు ఆపాలంటే ముందు రొయ్యలు కొనే మనిషిని అడగాలన్నది కొత్త నియమం. కొత్త కంప్యూటర్ అవసరమే రాలేదు. పక్క కంపెనీకి వెళ్లిన బోట్లు ఒకటొకటిగా తిరిగొచ్చాయి.

అత్త కూడా వచ్చింది. "ఇప్పటికైనా మీ పెట్టె మాకు పెళ్లి సేసిందేటి?" అని నవ్వి, బండికి ఐసు ఎత్తించుకుని, వెళ్తూ వెళ్తూ అంది: "మరి పోయిన వేటో, అల్లుడూ?"



ఇప్పుడు జెట్టీ మీద కుర్రాళ్లు రొయ్య ధర ఫోనులో చూసుకుంటున్నారు. ఎవరు ఎవరికేమవుతారో యంత్రాలకే మనకంటే బాగా తెలుసు. తప్పు జరిగితే నిలదీయడానికి మాత్రం ఎదురుగా ఏ అల్లుడూ ఉండడు. కంపెనీ మూసేనాడు అందరి లెక్కలూ నా చేతులమీదుగానే తీర్చాం. నాకు తెలిసి తీరనిది ఒక్కటే. ఆ బోటుకు మేం ఈనాటికీ బాకీ: ఒక వేట.