పై మడతకే పిన్ను

నా పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, జూన్ మొదటి వారంలో, ఉప్పల్‌లోని ఒక మైదానంలో కొత్త కానిస్టేబుళ్ళ పాసింగ్ అవుట్ పరేడుకు మా బెటాలియన్ పైపు బ్యాండును, అంటే చంకలో సంచి నొక్కుతూ వాయించే బ్యాగ్‌పైపుల బృందాన్ని, పంపారు. అప్పుడు నేను పైపు మేజరును. హోదాకు అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్‌నే గాని, పైపులు వాయించేవాళ్ళందరికీ నేనే పెద్ద. పాట ఎత్తుకోవడం, వేగం నిర్ణయించడం, మనుషుల డ్రెస్ చూసి మైదానంలోకి పంపడం నా బాధ్యతలు.

పైపు బ్యాండు వేసుకునేవి స్కాట్లాండు దుస్తులు. బ్రిటిష్ పటాలాలతో వచ్చి ఇక్కడే ఉండిపోయాయి. నడుము నుంచి మోకాళ్ళ దాకా చుట్టుకునే గళ్ళ ఉన్ని కిల్ట్‌తో నాచారం బస్టాపులో నిలబడితే ‘అన్నా, లంగ మంచిగుంది, వదినెదా?’ అని అడిగేవారు. ఎవరెవరు అడిగారో నాకు ఇప్పటికీ గుర్తుంది. కిల్ట్ చుట్టుకోవడం ఎవరికైనా వస్తుంది. దాని మీద పెట్టుకునే సామాను ఎక్కడ ఏది ఉండాలో తెలియాలి. నడుము ముందు గొలుసుతో వేలాడే తోలు సంచిని స్పోరన్ అంటారు. అది బెల్టు బకిల్‌కు నాలుగు వేళ్ళ కింద, సరిగ్గా నడిమధ్యన ఉండాలి. మామూలు రోజుకు నున్నటి తోలుది, పరేడుకు గుర్రపు వెంట్రుకల కుచ్చులున్న బరువైనది. మేజోళ్ళ పట్టీల ఎర్ర కొసలు పిక్కకు బయటి వైపు కనపడాలి. కుడి మేజోడులో చిన్న కత్తి పిడి పైకి కనపడాలి. మావి ఉత్త పిడులే, లోపల కత్తి ఉండేది కాదు.

చివరిది కిల్ట్ పిన్ను. కిల్ట్ ముందు రెండు మడతలు ఒకదాని మీద ఒకటి వస్తాయి. పై మడత అంచు కుడి తొడ పక్కన తెరిచి ఉంటుంది. ఆ అంచు కింది మూలన, మోకాలికి కాస్త పైన, పిన్ను పెడతాం. అది బరువు కోసం. పై మడతకే గుచ్చాలి. కాలు ముందుకు వేసినప్పుడు పై మడత కింది మడత మీద జారాలి. రెండూ కలిపి గుచ్చితే కాలికి కళ్ళెం వేసినట్టే. బట్ట చిరుగుతుంది, లేదంటే పిన్ను విచ్చుకుంటుంది. మనవాళ్ళకు ఇది ఒక పట్టాన నమ్మకం కుదరదు. చీర మడతలన్నీ కలిపి పిన్ను గుచ్చడం ఇంట్లో చూసి పెరిగినవాళ్ళం. పిన్ను ఉన్నదే కట్టి ఉంచడానికని అనుకుంటాం.

ముందటి ఏడాది పరేడులో గాలికి మా యాదగిరి కిల్ట్ లేచింది. లోపల అందరం నిక్కర్లు వేసుకుంటాం, మానం పోయిందేమీ లేదు. కాని చూడ వచ్చిన జనం ఈలలు వేశారు. యాదగిరి రెండో వరుసలో పైపరు, భువనగిరి దగ్గరివాడు, మంచి ఊపిరి ఉన్న మనిషి. ఆ రోజు నుంచి బెటాలియన్‌లో వాడిని చూస్తే చాలు ‘బావా, సదురుకో’ అనేవారు. వాడు నవ్వేవాడు గాని క్యాంటీనుకు రావడం మానేశాడు.

ఆ కారణంతో ఈసారి అసిస్టెంట్ కమాండెంట్ నోటిమాటగా ఒక ఆర్డరు వేశారు: పిన్ను రెండు మడతలకూ గుచ్చాలి. నాచారంలోని ఒక చిన్న ఇంజనీరింగ్ యూనిట్‌లో చేయించిన కొత్త పిన్నులు కూడా పంపారు. కత్తి ఆకారంలో, జానెడు పొడవు, చూడటానికి బాగున్నాయి. కొక్కెం మాత్రం వదులు. అరచేతిలో పెట్టుకుని నొక్కితే తెరుచుకుంటోంది. నేను వెళ్ళి రెండు విషయాలూ చెప్పాను. ఆయన కోస్తా నుంచి వచ్చిన మనిషి, మాట మెత్తగానే ఉంటుంది. ఆఫీసులో ఆరుగురు ఉండగా, మెత్తగానే అన్నారు: “ఏమయ్యా, పెళ్ళిళ్ళలో బాజాలు వాయించేవాళ్ళు కూడా నాకు డ్రెస్ నేర్పుతారా? రేపు ఒక్క కిల్ట్ లేచినా ఎల్లుండి నుంచి నువ్వు గేటు దగ్గర కాపలా ఉంటావు.” ఆరుగురిలో ఇద్దరు నవ్వారు. నా సర్వీసులో నేను ఒక్క పెళ్ళికీ వాయించలేదు.

పరేడు రోజు పొద్దున్నే గాలి మొదలైంది. నాచారం వైపు నుంచి దుమ్ము లేచి మైదానం మీదుగా వస్తోంది. షామియానా గుడ్డలు చప్పుడు చేస్తూ కొట్టుకుంటున్నాయి. ఆర్డరు పాటిస్తే ఎవడి కాలికైనా గాయం. పాటించకపోతే, ఒక్క కిల్ట్ లేచినా, నా ఉద్యోగంలో మిగిలిన రెండేళ్ళూ గేటు దగ్గర. బస్సు వెనక మనుషులను నిలబెట్టి పిన్నులు పై మడతకే పెట్టించాను. స్పోరన్ల గొలుసులు ఒక కొక్కెం బిగించి, ఆ బరువు ముందు మడత మీద ఆనేలా చూశాను. ఒక్కొక్కరి దగ్గరా వంగి చూశాను. యాదగిరిది కూడా చూశాను. సరిగానే ఉంది. వాడు మాత్రం నన్ను చూడకుండా షామియానా వైపు చూస్తున్నాడు.

స్లో మార్చ్ బాగా జరిగింది. గాలి రెండుసార్లు గట్టిగా కొట్టింది. కిల్ట్‌లు ఊగాయి గాని లేవలేదు. క్విక్ మార్చ్ అందుకున్న కాసేపటికి వెనక నుంచి ఒక పైపు స్వరం కుంగింది. పైపుకు ఎడతెగకుండా మోగే గొట్టాలు ఉంటాయి, వాటి శ్రుతి నిలవాలంటే సంచి మీద మోచేతి ఒత్తిడి నిలవాలి. అది జారుతోంది, మళ్ళీ లేస్తోంది, మళ్ళీ జారుతోంది. ఊపిరి చాలనివాడి జారుడు వేరు, నొప్పి పడుతున్నవాడి జారుడు వేరు. ఇది రెండోది. నేను ముందు వరుసలో కుడి చివరన ఉన్నాను. తల తిప్పడానికి లేదు. మైదానం అంచున వెనక్కి తిరిగి, మా వరుసల మధ్య నుంచే మేం నడిచి వచ్చేవరకు వాళ్ళ ముఖాలు నాకు కనపడవు. ఆ దూరమంతా ఆ స్వరం వింటూ నడిచాను. పాట తప్పుతానేమోనని మొదటిసారి భయపడ్డాను.

తిరిగాక చూశాను. యాదగిరి. ముఖం బూడిద రంగులో ఉంది. పైపు నోట్లోనే ఉంది. కిల్ట్ కుడి పక్కన బిర్రుగా బిగుసుకుని, అడుగు అడుగుకూ లాగుతోంది. తెల్లటి మేజోడు మోకాలి కింద నుంచి ఎర్రబడుతోంది. పిన్ను రెండు మడతల్లోంచి విచ్చుకుని తొడలో దిగింది. అడుగు వేసినప్పుడల్లా ఇంకాస్త లోపలికి పోతోంది.

వాడు ఆగితే వెనకవాళ్ళు వాడి మీద పడతారు. వరుసలోంచి బయటికి రమ్మని సైగ చేస్తే జనం ముందు ఒంటరిగా కుంటుకుంటూ నడవాలి. వాడు రాడని నాకు తెలుసు. ఇక నా చేతిలో ఉన్నది వేగం ఒక్కటే. పాట నెమ్మది చేశాను. డ్రమ్ములవాళ్ళు నా పాదం చూసి కొడతారు, వాళ్ళూ నెమ్మదించారు. అడుగులు కురచయ్యాయి. అప్పటికి మా వెనక అందుకున్న కొత్త కానిస్టేబుళ్ళ వరుసలు ఒకదాన్ని ఒకటి ఒత్తుకున్నాయి. వేదిక మీద అసిస్టెంట్ కమాండెంట్ ముందుకు వంగి నన్నే చూస్తున్నారు. ఆయన ముఖం వైపు చూడకుండా, యాదగిరి స్వరం మీద చెవి పెట్టి, వేదిక దాటేవరకు ఆ కురచ అడుగులతోనే నడిపించాను. స్వరం జారింది గాని ఆగలేదు.

బస్సు దాకా వచ్చాక వాడి కాళ్ళు మడతపడ్డాయి. పిన్ను నేనే తీశాను. సగం వేలు లోతు దిగింది. గాయం మీద గుడ్డ నొక్కి పట్టుకుని అడిగాను, పై మడతకే పెట్టించిన పిన్నును మళ్ళీ రెండు మడతలకూ ఎందుకు గుచ్చుకున్నావని.

“మీరు సెప్పినంక పై మడతకే వెట్టిన సార్. షామియానా కొట్టుకునుడు సూసి పానం ఆగలే. మల్ల లేస్తే నా మొకం ఏడ వెట్టుకోవాలె?”

“నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదరా.”

“సెప్తే మీరు తీపిస్తరు గద సార్.”

దవాఖానాలో కుట్లు వేసి, ధనుర్వాతం సూది ఇచ్చారు. నరానికి తగల్లేదు గాని అంగుళం అటైతే కాలు పని చేసేది కాదని డాక్టరు అన్నాడు. యాదగిరి నెలన్నరకు డ్యూటీకి వచ్చాడు. ఈ రోజుకీ ఆ కాలు కాస్త ఈడుస్తాడు.

మర్నాడు నాకు మెమో వచ్చింది, పరేడు వేగం చెడగొట్టినందుకు. ఒక్క కిల్ట్ కూడా లేవకపోయినా నేను గేటు దగ్గరికే వెళ్ళాను, నాలుగు నెలలు. నేను రాసిన జవాబుకు ఈ రోజు దాకా సమాధానం లేదు. మరుసటి ఏడాది పిన్ను పై మడతకే గుచ్చాలని ఆర్డరు వచ్చింది, కింద అదే అధికారి సంతకంతో. నా పేరు అందులో ఎక్కడా లేదు. ఎందుకు లేదని నేను అడిగాను. ఇప్పుడూ అడుగుతాను.

ఆ పరేడు తరువాత బ్యాండుకు తిరిగి వచ్చాక నా తనిఖీ పద్ధతి మార్చాను. అంతకు ముందు వరుసలో మొదటివాడితో మొదలుపెట్టి చివరివాడి దాకా చూసేవాణ్ణి. తరువాత ఆ గుంపులో అందరికంటే ఎక్కువ భయపడుతున్నవాడు ఎవడో వెతికి, వాడిని చివరన, మైదానంలోకి అడుగు పెట్టే ముందు చూసేవాణ్ణి. నియమం తెలియనివాడు ఒకసారి చెబితే నేర్చుకుంటాడు. భయపడేవాడు నియమం తెలిసి కూడా, మనం అటు తిరగగానే, తన భయం చెప్పినట్టు చేస్తాడు.