వీరేశం బండి ముక్కుల ముడుపు

మొయినాబాద్ల ఇరవై ఏండ్లసంది బండ్లు బాగుచేస్తున్న. మారయ్య చెయ్యి పడితే ఎసొంటి బండన్న మాట ఇంటదని పేరు. ఆ పేరును చేవెళ్ల వీరేశం బండి మట్టిల కలిపింది.

వీరేశం కిరాణం కొట్టు సేటు. ముప్పై నాలుగేండ్లు. తల్లి సుమిత్రమ్మ గీసిన గీత దాటడు, ఏ అంగి తొడగాల్నో గూడ ఆమెనే చెప్తది. ఆయన బండి ఉరికినంతసేపు మంచిగనే ఉరుకుతది. రేస్ తగ్గిస్తే చాలు, దగ్గి దగ్గి బందయితది. అందుకే ఆయన ఆపుడే మానేసిండు. తొవ్వల గిరాకీ ఎవలన్న పలకరిస్తే వాళ్ల సుట్టు బండి తిప్పుకుంటనే మాట్లాడ్తడు. పాపం, వాళ్లకు మెడలు నొస్తయి.

ఇట్లనే మూడు పెండ్లిచూపులు చెడినయి. తొవ్వల బండి బందయి తల్లీకొడుకులు ఆలిశంగ పొయ్యేసరికి ఒక ఇంట్ల మిర్చీలు సల్లారినయి, ఇంకో ఇంట్ల పిల్లకు వేరే సంబంధమే ఖాయమైంది. మూడో ఇంటాయన, "బండే నిలబెట్టుకోలేనోడు సంసారమేం నిలబెడ్తడు?" అన్నడట.

ప్రతిసారి నేను కార్బొరేటర్ కడిగిన, ప్లగ్ మార్చిన, స్లో స్క్రూ తిప్పిన. గాలి పీల్చే ఫిల్టర్ మాత్రం ముట్టలే. కొత్తది నేనే ఏసిన గదా, దానికేం రోగమని పొగరు.

నాలుగోది ఎంకపల్లి సంబంధం. పిల్ల పేరు స్వప్నిక. ఫోటో చూసినకాంచి వీరేశం కొట్ల తూకం తప్పుతుండు. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం, ఆలోపల రాకుంటే మల్ల రావద్దన్నరట పిల్లవాళ్లు. పదింటికి తల్లిని ఎనక ఎక్కించుకొని పోతుంటే, సరిగ్గ నా షాపు ముంగటి స్పీడ్ బ్రేకర్ కాడ బండి బందయింది.

"అన్నా, ఈ సంబంధం పోతే నేను సస్త," అన్నడు వీరేశం. కండ్లల్ల నీళ్లు.

నాకు తిక్క లేచింది. ఉన్నదంత ఇప్పిన. ఫిల్టర్ మూత తీస్తే ఏమున్నది? పసుపు గుడ్డల కట్టిన ముడుపు! లోపట అక్షింతలు, రూపాయి బిళ్ల. గాలి పొయ్యే తొవ్వకు అడ్డం.

"ఎవలు పెట్టిండ్రిది?"

"నేనే," అన్నది సుమిత్రమ్మ నిమ్మళంగ. "ఇది బండి ముక్కు, ఊపిరి ఈడికెల్లే తీస్తదని ఫిల్టర్ ఏసిననాడు నువ్వే గదా చెప్పినవు. దేవుని బలం లోపటికి పోవాలె గదా."

తలకాయ కొట్టుకున్న. ముడుపు తీసి కిక్కు కొడితే, రేస్ ఇయ్యకుండనే బండి సల్లగ నడిచింది.

"మల్ల పెట్టు," అన్నది ఆమె. "సంబంధం కుదిరేదాంక తియ్యనని మొక్కిన."

"అది తియ్యంది సంబంధం కుదరదవ్వా!"

"కుదరంది తియ్యొద్దు."

"జర చేతుల పట్టుకొని కూసోరాదు?"

"బండికి కట్టింది నా చేతుల పనిజేస్తదా? ముడుపు లేని బండి నేనెక్క."

పది పదిహేనైంది. వీరేశం తల్లిని చూసిండు, బండిని చూసిండు. "అమ్మా, నేనొక్కణ్ణే పోత," అన్నడు. పుట్టినకాంచి ఆ మాట అని ఉండడు, అన్నంక ఆయనే బెదిరిండు. క్లచ్ ఇడువక ఆడనే ఉంటే నేనే ఎనకకెల్లి నూకిన.

సుమిత్రమ్మ ముడుపు పట్టుకొని నా స్టూలు మీద కూసున్నది. "తొవ్వల ఆగి ఉంటది గదా?" అని రెండు నిమిషాలకోసారి అడుగుడే. రాహుకాలానికి ఐదు నిమిషాల ముందు నా ఫోన్ మోగింది, వీరేశమే.

"చేరిండట అవ్వా. బండి ఎక్కడ ఆగలేదట."

ఆమె ముడుపు ఒళ్లె పెట్టుకొని ఏడ్చింది. సంతోషమనుకున్న.

"నేను లేకున్న ఒక్కకాడ గూడ ఆగలేదా, మారయ్యా?" అన్నది.