మాచర్ల హోమ్ సిగ్నల్ దగ్గర ఆగిన బండి

దయ్యాలను నమ్మే మనిషిని కాను. పాలిటెక్నిక్‌లో కరెంటు పాఠాలు చెప్పి, నరసరావుపేటలో రిటైరయ్యాను. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టేవాళ్లను చూసి నవ్వేవాణ్ణి, మా ఆవిణ్ణి కూడా వదల్లేదు. అలాంటి నేను ఇది రాయడం సిగ్గుగానే ఉంది.

మేడ మీద గదిలో బావతో కలిసి బొమ్మ రైలు లైను ఒకటి కట్టాను. బావ అంటే మా అక్క భర్త. మాచర్ల లైనులో ఏళ్ల తరబడి రైలింజను నడిపి, మాచర్లలోనే ఉండిపోయాడు, ఈ బొమ్మ రైలు కోసం బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాడు. ప్లైవుడ్ బల్ల మీద నడికుడి నుంచి మాచర్ల దాకా పట్టాలు పరిచాం, మధ్యలో నాపరాళ్ల గుట్టలతో సహా.

లైను డిజిటల్ పద్ధతిది. పట్టాల్లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఇంజను కడుపులో ఉన్న చిప్ మన చేతిలోని కంట్రోలర్ చెప్పినట్టు వింటుంది. బల్ల కింద రెండు లావు వైర్లు చివరిదాకా పోతాయి. వాటి నుంచి ప్రతి పట్టా ముక్కకూ రెండు సన్న వైర్లు పైకి వస్తాయి. అవి ఊడితే ఆ ముక్క చచ్చినట్టే.

అసలు రైల్లో సిగ్నల్ కనపడగానే డ్రైవరు, అసిస్టెంటు చెయ్యి చూపించి ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. బావ బొమ్మ రైలుకు కూడా ఆ పద్ధతి వదల్లేదు. స్టేషన్‌లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్ రాగానే ‘హోమ్ సిగ్నల్ గ్రీన్’ అనేవాడు. నేను తిరిగి అనేదాకా బండి తీసేవాడు కాదు. తల నెరిసినవాణ్ణి, బొమ్మ ముందు చెయ్యి చాపి అరవాలంటే నాకు నామోషీ. గొణిగేవాణ్ణి.

“నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా ఏందిరా, పైకి చెప్పు” అనేవాడు.

పోయినేడాది గుండెనొప్పితో బావ పోయాడు. ఆయన ఇంజను బల్ల మీద అలాగే ఉండిపోయింది.

బావ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బండి మాచర్ల చేరిన కూత వినపడితేగానీ అక్క ఎసరు పెట్టేది కాదు. ఏడాది తిరిగాక ఆమెను పుట్టింటి నిద్రకని మా ఇంటికి పిలిచాం. ఆయన బండి మాచర్ల చేరడం ఒక్కసారి చూడాలని ఉందంది ఫోనులో. అదెంత పని, నడిపిస్తానని మాటిచ్చాను.

దుమ్ము దులిపి నడిపితే బండి మాచర్ల హోమ్ సిగ్నల్ దగ్గర ఆగింది. ఎన్నిసార్లు నడిపినా అక్కడే. మీటరు పెడితే కరెంటు సరిగ్గానే ఉంది. పట్టాలు తుడిచాను, చక్రాలు తుడిచాను. వేరే ఇంజను పెడితే అక్కడ దర్జాగా పోతోంది. బావ ఇంజను ఇంకెక్కడైనా నడుస్తోంది. ఇక లాభం లేదని బల్ల కింద దూరి, ఒక్కో ముక్క వైర్లు ఊడదీసి చూడటం మొదలుపెట్టాను. ఆ పనిలో ఉండగానే మా ఆవిడ కింది నుంచి కేకేసింది. అక్క బస్సు దిగిందట.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం మేడెక్కాం. అక్కను చూడటానికి వచ్చిన మా పెదనాన్న కొడుకు శేషయ్య కూడా ఎక్కాడు. బండి నడికుడిలో బయల్దేరి గురజాల దాటింది, రెంటచింతల దాటింది. మాచర్ల హోమ్ సిగ్నల్ దగ్గర ఆగింది. కంట్రోలర్ ఎంత తిప్పినా కదల్లేదు. ముందు లైటు మాత్రం వెలుగుతోంది.

ఇంతా చేసి పొలిమేరలో చతికిలబడిందేమని శేషయ్య నవ్వాడు. నాకు చెవులు కాలిపోయాయి. వేగం సున్నాకు తిప్పి కంట్రోలర్ బల్ల మీద పడేశాను.

అక్క నవ్వలేదు. “నువ్వు పలకందే మీ బావ బండి తియ్యడంట గదరా. పలికావా?”

“ఇది బొమ్మ అక్కా.”

“తెలుసులే. పలుకు.”

శేషయ్య ముందు, మా ఆవిడ ముందు చెయ్యి చాపాను. ‘హోమ్ సిగ్నల్ గ్రీన్’ అని గొణిగాను. అక్క నా వైపే చూస్తోంది. ఈసారి పైకి అన్నాను.

బండి కదిలింది. మెల్లగా మాచర్ల ప్లాట్‌ఫాం మీదికి వచ్చి, బావ ఎప్పుడూ ఆపే కుళాయి పక్కన ఆగింది.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఎట్టా కదిలిందిరా?”

ఆమె ఏం వినాలనుకుంటోందో నాకు తెలుసు. కానీ శేషయ్య నా మొహంలోకే చూస్తున్నాడు. “లూజ్ కాంటాక్టులే అక్కా” అన్నాను. ఆమె తలూపి మెట్లు దిగింది. మర్నాడు మాచర్ల బస్సెక్కించాను.

ఆ లూజు ఎక్కడో పట్టుకుందామని మళ్లీ బల్ల కింద దూరాను. సిగ్నల్ దగ్గరి ముక్కకు పోవాల్సిన రెండు వైర్లూ వేలాడుతున్నాయి. నేను ఊడదీసినవే. కేక వినగానే లేచిపోయి, తిరిగి తగిలించడం మరిచాను. పట్టాల మీద మీటరు సున్నా చూపించింది.

ఆ ముక్కకు రెండు పక్కలా పట్టాలు తెంచి ఉన్నాయి, అటునుంచి కరెంటు రాదు. ఊపు మీద దాటిందనుకుందామంటే, కరెంటు పోతే ఆ ఇంజను పళ్లచక్రాలు బిగిసి ఉన్నచోటే నిలబడుతుంది. కాబట్టి అక్కడ ఆగడం సబబే. మరి లైటెలా వెలిగింది? సున్నాలో పెట్టిన బండి ఎలా కదిలింది? నా చదువంతా తిరగేశాను. నాకు అంతు చిక్కలేదు.

వైర్లు తగిలించాను. ఇప్పుడు బండి ఎక్కడా ఆగడం లేదు. అయినా గడియ పెట్టుకుని, ఆ సిగ్నల్ రాగానే చెయ్యి చాపి పైకి చెబుతున్నాను. చెప్పకుండా నడిపి చూసే ధైర్యం లేదు. లోపల ఎవరితో మాటలని మా ఆవిడ అడిగితే ఫోనన్నాను.

అంతకంటే సిగ్గు ఇంకొకటుంది. బండి నడుస్తోందా అని అక్క ఫోను చేసి అడుగుతూనే ఉంటుంది. చెప్పాల్సిన మాట నోటిదాకా వస్తుంది. శేషయ్యకు తెలిస్తే ఊరంతా నవ్వుతారని మింగేస్తాను. బావ ముందు గొణిగినట్టే అక్క ముందూ గొణుగుతున్నాను.

అది ఎలా జరిగిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసింది మాత్రం ఇక్కడ పైకి చెబుతున్నాను. అది లూజ్ కాంటాక్టు కాదక్కా. ఆ పూట అక్కడ అసలు వైరే లేదు.