న్యూట్రాన్ల డ్రమ్ముకి కోడి నెత్తురు

గవర్రాజు మేస్త్రీకి చెయ్యి ముందు, నోరు తర్వాత. అతనితో మాటా మాటా పెంచుకుని పళ్లు ఊడగొట్టించుకున్నవాళ్లు పెదజాలరిపేటలో చాలామందే ఉన్నారు. వాళ్ల నాన్న సముద్రం మీద వేటకెళ్లేవాడు. ఇతను బరువులెత్తే కళాసీ పనిలోకొచ్చాడు. గాజువాక దాటాక ఉన్న ఓ ప్రైవేటు యార్డులో క్రేను నాది, కింద ముఠా అతనిది. అతను చెయ్యి ఊపితేనే నేను మీట కదిపేవాణ్ణి.

ఎక్కడో చలిదేశంలో న్యూట్రాన్ల కేంద్రం కడుతున్నారు. లోహాన్ని కొయ్యకుండానే న్యూట్రాన్లు పంపి, లోపల ఎక్కడ బలహీనంగా ఉందో చూస్తారట. ఆ కేంద్రం నడిమధ్యన కూర్చునే స్టీలు డ్రమ్ము పని మాకొచ్చింది. మేడంత ఉంటుంది. లోపలంతా అద్దంలా నునుపు. చేతి చెమటలో ఉప్పుకి కూడా స్టీలు పాడవుతుందని గ్లవుజులు లేకుండా ముట్టనిచ్చేవారు కాదు. మా ఇంజినీరు రోహిత్‌కి దాని మీద ఈగ వాలినా ఊరుకోబుద్ధయ్యేది కాదు.

గవర్రాజు బెంగ వేరు. డ్రమ్ముని ట్రైలరు మీదికి ఎత్తే రోజు దగ్గరపడేకొద్దీ అతనికి అన్నం సయించలేదు. అతని భార్య పోతమ్మ అన్నయ్య ఇదే పనిలో, తాడు తెగి పడిన దూలం కింద నలిగి చచ్చిపోయాడు. ఆమెకి మిగిలిన ఒక్క తమ్ముడు కన్నబాబు ఇప్పుడు ఇతని ముఠాలోనే ఉన్నాడు. "నా తమ్ముడికేటైనా అయితే నిన్ను సంపీసి నానూ సత్తాను" అంది పోతమ్మ. ఉత్తినే అనే మనిషి కాదు.

పేటలో కొత్త పడవ నీళ్లలోకి దిగే ముందు పుంజుని కోసి పడవ ముక్కుకి నెత్తురు పూస్తారు. ఎత్తే రోజు తెల్లవారగానే గవర్రాజు కూడా అదే చేశాడు. పుంజు మెడ తెంపి డ్రమ్ము అంచుకి నెత్తురు పూశాడు. అది అంచు మీంచి కారి లోపలి నునుపు మీదికి దిగింది. పడవకి మేలనుకున్నది ఈ స్టీలుకి చేటని ఆ మూర్ఖుడికి తట్టలేదు.

రోహిత్ వచ్చి చూసి పిచ్చెత్తిపోయాడు. ఎదురుగా కన్నబాబు, పుంజుని పట్టుకున్న చేతులకి ఇంకా కోడి ఈకలు. "ఎవడ్రా చేసింది? నువ్వేనా?" అంటూ చెంప మీద ఫెడీల్మని కొట్టాడు. రెండో దెబ్బ పడకముందే గవర్రాజు పిడికిలి అతని దవడ విరగ్గొట్టింది. రోహిత్ నోట్లోంచి రక్తంతో పాటు పన్ను రాలింది. సెక్యూరిటీవాళ్లు లాఠీలతో మీద పడ్డారు. గవర్రాజు ఒకడి ముక్కు చితక్కొట్టి, ఇంకొకడి చెవి కొరికేశాడు.

"వీణ్ణి కొట్టినవాడికే ఇక్కడ పని. మిగతా అందరూ గేటు బయటికి నడవండి!" అని గవర్రాజుని చూపిస్తూ అరిచాడు సెక్యూరిటీ ఆఫీసరు.

ముఠా అంతా ఒక్కడుగు వెనక్కేసింది. ముందుకొచ్చింది ఎవరు? కన్నబాబే. ఇనప కడ్డీతో బావ మోకాలి మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. కిందపడ్డాక కూడా కొట్టాడు. గవర్రాజు అతని మీదికి చెయ్యి ఎత్తలేదు. కన్నబాబుని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

డ్రమ్ముని కడిగి, తుడిచి, పరీక్షలన్నీ మళ్లీ చేసి, కొన్నాళ్లకి ఎత్తడానికి సిద్ధమయ్యారు. మేస్త్రీ స్థానంలో కన్నబాబుని నిలబెట్టారు. డ్రమ్ము గాల్లోకి లేచాక, అది ఊగకుండా కిందినుంచి పట్టుకునే పక్కతాడు ట్రైలరు చక్రానికి చిక్కుకుంది. ఆ వెధవ నన్ను ఆపమని సైగ కూడా చెయ్యకుండా డ్రమ్ము కిందికి దూరి తాడు లాగాడు. క్యాబిన్‌లో నా పైప్రాణాలు పైనే పోయాయి. అదృష్టం, ఏమీ కాలేదు. డ్రమ్ము పోర్టుకి వెళ్లిపోయింది.

డ్యూటీ దిగి తిన్నగా పేటకి వెళ్లాను. కాలికి కట్టుతో మంచం మీదున్న గవర్రాజుకి జరిగిందంతా చెప్పాను. ఆ మాటల్లోనే కన్నబాబు తల దించుకుని గుమ్మంలోకి వచ్చాడు. పోతమ్మ చేపలు కోసే కత్తిపీట ఎత్తింది.

"నువ్వాగు" అని గవర్రాజు గోడ పట్టుకుని లేచాడు. కుంటుకుంటూ వెళ్లి బామ్మర్దిని లాగి ఒక్కటిచ్చాడు. పెదవి చిట్లి నెత్తురొచ్చింది.

"కొట్టు బావా. నిన్ను అలా కొట్టినందుకు సంపీసినా తప్పునేదు" అని కన్నబాబు ఏడ్చాడు.

"దానిక్కాదురా ఎదవా!" గవర్రాజు అతని చొక్కా పట్టుకుని కుదిపాడు. "ఏలాడే సరుకు కిందికి దూరీసినావంట! అది నీ మీద పడిపోతే మీ అక్కకి నానేటి సెప్పాలి?"