పళ్లకు ముందు నాలుక

"దానికి పిచ్చెక్కింది! నా బిడ్డను కరిస్తే ఎవరు దిక్కు?"

మెట్ల మీద నుంచి పైవాటా ఆమె వేసిన కేకకు కింద కుట్టుమిషను ఆగింది. ఆమె నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. మూడేళ్ల కిందట కూతురు పుట్టినప్పటి నుంచి దేన్నీ నమ్మదు. గేటు మూలన గోధుమరంగు కుక్క పళ్లు టకటకలాడిస్తోంది, పెదవుల చివర నురుగు. వరసగా నాలుగో రోజు. కుక్కల్ని పట్టుకుపోయే మునిసిపాలిటీ బండికి ఆమె ఫోను కూడా చేసేసింది.

కింది గదిలోంచి మిషనామె బయటికొచ్చింది. కుక్క ఆమెదే. కుట్టుపనికి రాకముందు పశువుల ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు డాక్టర్ల కోసం కుక్కల నోళ్లు తెరిచి పట్టుకున్న మనిషి. చూపుడువేలు సగమే మిగిలింది. నోరు మాత్రం నిండుగా ఉంది.

"చదువుకున్నదానివి, బుర్ర ఇంట్లో పెట్టి వచ్చావా? ఆ మూల ఆడకుక్క ఉచ్చ పోసి పోతోంది. వీడు ఆ వాసన నోటితో పీలుస్తున్నాడు, అందుకే ఆ టకటక, ఆ నురుగు." కుక్కకు రేబిస్ టీకా వేయించిన చీటీ మెట్ల మీదికి విసిరింది.

"కథలు చెప్పకండి. బండి వస్తోంది."

"రానీ. ఈలోపు ఆ మూల కడుగు."

పైవాటా ఆమె పంతంగా కిందికి దిగి రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించింది. కుక్క వచ్చి మూల వాసన చూసి, నోరు మూసుకుని పోయింది. ఆడకుక్క తడిపి పోయిన వీధి స్తంభం దగ్గర మళ్లీ టకటక. రుజువు కళ్లెదుటే ఉన్నా ఆమె ఒప్పుకోలేదు.

"మరి పోయిన నెల పాపతో ఎంత ముద్దుగా ఉందో! ఇప్పుడెందుకిలా మారింది?" అంటూ ఫోనులో ఫొటో చూపింది. పాప మెడ కావలించుకుంటే కుక్క తల పక్కకు తిప్పి ముక్కు నాక్కుంటోంది.

మిషనామె ముఖం మాడిపోయింది. "ఇది ముద్దా? వదలమని బతిమాలుతున్నాడే! ఆసుపత్రిలో నా వేలు కొరికిన కుక్కా అంతకుముందు ఇలాగే ముక్కు నాక్కుంది. ఆకలేమో అనుకున్నా."

అప్పుడే వల పట్టుకుని బండివాళ్లు దిగారు.

"అక్కర్లేదు, వెళ్లండి," అంది పైవాటా ఆమె.

"ఉత్తినే పిలిచారా?" సణుక్కుంటూ పోయారు.

క్షమాపణ చెప్పబోతే మిషనామె తలుపు సగం మూసేసింది. ఆ తర్వాత పాప గౌను కుట్టమని పంపినా, "ఖాళీ లేదు" అని తిప్పి పంపింది. కానీ ఆ రోజు తలుపు సందులోంచి విసురుగా అన్న మాటనే, ఇప్పుడు ఏ కుక్క ఎదురైనా పాప తల్లి పాటిస్తోంది:

"పళ్లు కనిపించేదాకా ఆగకు. ఎదుట తిండి లేకుండా ముక్కు మీదికి నాలుక కదిలిందంటే, కుక్కను అదిలించకు, పిల్లను వెనక్కి పిలువు."