నిశ్శబ్ద మంత్రం, మా బావమరిది దగ్గు

నోయిడాలో మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా మారి కథ ఆడతాం. మా అమ్మాయి మంత్రగత్తె. మా ఆవిడ పడవ నడిపే సరంగు. కథ చెప్పేదీ, తగువు తీర్చేదీ నేను. పత్రిక డెస్కులో పనిచేసి రిటైరైనవాణ్ణని ఆ పని నాకు అంటగట్టారు.

ఆ వారం పడవ కిందికి ఒక జలరాక్షసి చేరింది. దానికి కళ్లు లేవు. అరిచి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి వేటను పసిగడుతుంది. అమ్మాయి పడవ చుట్టూ నిశ్శబ్ద మంత్రం వేసింది. లోపలి చప్పుడు బయటికి పోదు, బయటి అరుపు అందులో ఇంకిపోతుంది. మరి పడవ దొరుకుతుందా? నియమాల పుస్తకంలో ఆ ముక్కే లేదు. దొరికితే స్కూలు రోజుల నుంచి అమ్మాయి పెంచుకొచ్చిన మంత్రగత్తె చచ్చినట్టే.

ఈ సంగతి తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని మిర్చి బజ్జీలు తింటున్నాడు. మా బావమరిది. నేవీలో సోనార్ పని, నీటి కింద ఏముందో శబ్దంతో కనిపెట్టడం. అడిగితే, "డ్యూటీ సంగతులు ఇంట్లో మాట్లాడను బావా" అన్నాడు. నేనడిగేది రాక్షసి గురించయ్యా అన్నాను. స్కూలు పుస్తకంలో ఉన్న ప్రతిధ్వని కూడా రహస్యమేనా అని మా ఆవిడ తమ్ముణ్ణి దెప్పింది. నవ్వి ఇంకో బజ్జీ తీసుకున్నాడు. అంతకుముందు డాల్ఫిన్ల గురించి అడిగినప్పుడూ ఇదే వరస.

విసుగెత్తి, నోరు విప్పని అధికారుల దగ్గర మా విలేకరులు వాడే పాత ఉపాయం తీశాను.

"నేనొకటి చెబుతాను. తప్పైతే దగ్గు, ఒప్పైతే ఊరుకో. చుట్టూ అన్నిచోట్ల నుంచీ ప్రతిధ్వని వస్తూ, ఒక్కచోట నుంచే రాకపోతే, ఆ ఖాళీయే పడవను పట్టిస్తుంది."

అమ్మాయి పాచికలు గుప్పిట్లో బిగించింది. "మామూ, ప్లీజ్. సోచ్ లో ఏక్ బార్," ఒక్కసారి ఆలోచించమని హిందీలో బతిమాలింది.

అతను దగ్గాడు. కళ్లలో నీళ్లు తిరిగేలా దగ్గాడు.

పడవ దొరకలేదని తీర్పిచ్చాను. అమ్మాయి మామయ్య మెడ పట్టుకుని ఊపేసింది.

సాయంత్రం ఢిల్లీ ధౌలా కువాన్‌లోని నేవీ క్వార్టర్స్‌కు బయల్దేరుతూ, లిఫ్ట్ దగ్గర అతను మెల్లగా అన్నాడు: "బజ్జీలో మిరపకాయ బావా. ఇంకేం అనుకోకు."

"అయితే నేను చెప్పింది ఒప్పేనా?"

"డ్యూటీ సంగతులు..." అంటుండగానే తలుపు మూసుకుంది.

ఉద్యోగంలో, పత్రికలో అచ్చైన తప్పులకు ఎన్ని సవరణలు వేయించానో. లోపలికొచ్చేసరికి అమ్మాయి తన మంత్రగత్తెకు కొత్త టోపీ గీస్తోంది. నా తీర్పుకు వేయాల్సిన ఈ సవరణ మాత్రం ఆపేశాను.